పిక్స్ పోతే పోనీ అనుకునేవాళ్లకు

అమెరికన్ ఫుట్‌బాల్ జట్ల జీతాల లెక్కలు చూడటం నా ఉద్యోగం. ఏటా మార్చి వచ్చిందంటే ఫోన్లు మొదలు. "అన్నా, మా టీమ్ రెండు ఫస్ట్ రౌండ్ పిక్స్ ఇచ్చి సీనియర్ క్వార్టర్‌బ్యాక్‌ను (బంతి విసిరి ఆట నడిపేవాణ్ని) తెస్తోందట. పిక్స్ లాటరీ టికెట్లే కదా, పోతే పోనీ!" పిక్ అంటే, కాలేజీ ఆటగాళ్లను జట్లు ఏటా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఒక వంతు. ఫస్ట్ రౌండ్ వంతే అన్నిటికన్నా విలువైనది.

అపోహ: ఇచ్చిన పిక్సే మొత్తం ఖర్చు.

వాస్తవం: అది అడ్వాన్సే. అసలు బిల్లు తర్వాత వస్తుంది. 2022 మార్చిలో క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్ కోసం డెన్వర్ జట్టు సియాటిల్‌కు రెండు ఫస్ట్ రౌండ్, రెండు సెకండ్ రౌండ్, ఒక ఐదో రౌండ్ పిక్ ఇచ్చింది. పైగా ముగ్గురు ఆటగాళ్లు. సీజన్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే అతనికి 24 కోట్ల డాలర్లు దాటిన ఐదేళ్ల కొత్త కాంట్రాక్ట్ రాసిచ్చారు. ఆ ఏడాది 5 గెలుపులు, 12 ఓటములు. రెండు సీజన్లకే వదిలేశారు. మిగిలింది 8.5 కోట్ల డాలర్ల డెడ్ మనీ, అంటే జట్టులో లేని ఆటగాడి పేరున లెక్కకొచ్చే డబ్బు. 2024లో జట్టు శాలరీ క్యాప్‌లో (జీతాలకు లీగ్ పెట్టిన పరిమితిలో) దాదాపు ఐదో వంతు, అప్పటికి పిట్స్‌బర్గ్‌కు ఆడుతున్న మనిషి పేరునే కరిగిపోయింది.

అటు సియాటిల్‌కు ఆ పిక్స్‌తో క్రాస్, మాఫె, విదర్‌స్పూన్, హాల్ అనే కుర్రాళ్లు వచ్చారు. నలుగురూ అప్పట్లో రూకీ (కొత్త ఆటగాళ్లకుండే తక్కువ) జీతాల మీదే. మిగిలిన డబ్బుతో ఇంకొకరిని కొనుక్కోవచ్చు. పిక్ విలువంతా అక్కడే ఉంది. చాలామంది చూడనిదీ అక్కడే.

విల్సన్ ట్రేడ్ (మార్పిడి) వార్త విన్న రోజు సియాటిల్‌లో ఉండే తమ్ముడొకడు దాదాపు ఏడ్చేశాడు. కూతురికి అప్పుడే విల్సన్ 3 నంబరు జెర్సీ కొన్నాడు పాపం. ఆ సెప్టెంబరు 12న వాళ్లింట్లోనే డెన్వర్-సియాటిల్ మ్యాచ్ చూశాం. చివరి నిమిషంలో బంతి నిలబెట్టుకోవాలంటే డెన్వర్‌కు ఐదు గజాలు కావాలి. అంత పోసి కొన్న విల్సన్‌ను పక్కన నిలబెట్టి, డెన్వర్ కోచ్ 64 గజాల ఫీల్డ్ గోల్‌కు (గోల్ స్తంభాల మధ్యకు) బంతి తన్నించాడు. లోపలికి పోలేదు. 17-16తో సియాటిల్ గెలిచింది. విల్సన్ జెర్సీ వేసుకున్న ఆ పిల్ల "నాన్నా, మనం గెలిచామా, ఓడామా?" అంది.

అపోహ: అయితే ఇలాంటి ట్రేడ్ ఎప్పుడూ దండగే.

వాస్తవం: కాదు. 2021లో డెట్రాయిట్ క్వార్టర్‌బ్యాక్ స్టాఫర్డ్ కోసం లాస్ ఏంజెలెస్ రామ్స్ రెండు ఫస్ట్ రౌండ్లు, ఒక మూడో రౌండ్, తమ క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్‌ను ఇచ్చింది. ఏడాది తిరక్కుండానే సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) కొట్టింది. ఆరన్ డొనాల్డ్, కూపర్ కప్ లాంటి మేటి ఆటగాళ్లు అప్పటికే ఉన్నారు, లోటు క్వార్టర్‌బ్యాక్ ఒక్కచోటే. మరుసటి సీజన్ రామ్స్‌దీ 5-12 అనుకోండి, అది వేరే సంగతి. డెట్రాయిట్ కూడా అదే గాఫ్‌తో 2023 సీజన్లో సూపర్ బౌల్‌కు ఒక్క మెట్టు కింద దాకా వెళ్లింది.

అపోహ: కండిషనల్ పిక్ (షరతు మీద ఇచ్చే పిక్) అంటే మెలిక.

వాస్తవం: మెలికే, మంచి మెలిక. 2023లో జెట్స్ జట్టు తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్ రాడ్జర్స్ ఆ సీజన్లో 65 శాతం స్నాప్స్ (బంతి అందుకుని ఆడే ఒక్కో ఎత్తు) ఆడితేనే జెట్స్ ఫస్ట్ రౌండ్ పిక్ ఇవ్వాలి, లేదంటే సెకండ్ రౌండ్. నాలుగో స్నాప్‌కే అతని మడమ పైన స్నాయువు తెగింది. సెకండ్ రౌండ్‌తో బయటపడ్డారు.

పుకార్లకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. మొన్న ఒకతను రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, టెన్షన్‌గా, మా టీమ్ మునిగిపోతోందా అన్నాడు. కాంట్రాక్ట్ వివరాలు వచ్చాయా అని అడిగా. "ఇంకా ట్రేడే అవ్వలేదన్నా" అన్నాడు. పడుకోమన్నా.