బరువు తగ్గాక వదలని చలి: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో 15, 16 డిగ్రీలుంటుంది. అప్పుడు స్వెటర్ వేసుకుంటే ఎవరూ ఏమీ అడగరు. ఏప్రిల్ మధ్యాహ్నం వైట్‌ఫీల్డ్ ఆఫీసులో పక్కవాళ్లు ఏసీ ఇంకాస్త పెంచమంటుంటే, శాలువా కప్పుకుని రెండు చేతులతో కాఫీ కప్పు పట్టుకుని కూర్చునేవాళ్ల సంగతి వేరు. "బరువైతే తగ్గాను గానీ ఒంట్లో వేడే లేదండీ" అంటూ మా దగ్గరికి వస్తారు. వాళ్లతోపాటు సలహాలూ వస్తాయి: పీజీలో రూమ్మేటు ఇచ్చినవి, జిమ్ ట్రైనర్ ఇచ్చినవి, ఊరి నుంచి అమ్మ ఫోనులో చెప్పినవి. వాటిలో తరచుగా వినపడేవి ఇవి.

అపోహ: చలి వేస్తోందంటే కొవ్వు కరుగుతోందన్నమాట, మంచిదే.

కొవ్వు ఖర్చయితే వేడి పుడుతుంది, చలి కాదు. తిండి బాగా తగ్గించినప్పుడు శరీరం కూడా ఖర్చు తగ్గించుకుంటుంది. కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోను పడిపోతుంది. దాన్నిబట్టి మెదడు కరువొచ్చిందని లెక్క వేసుకుంటుంది. థైరాయిడ్ హార్మోన్లలో చురుగ్గా పనిచేసే టీ3 తగ్గుతుంది, గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది. లోపలి అవయవాల వేడి బయటికి పోకుండా చేతుల్లో, పాదాల్లో చర్మానికి వెళ్లే రక్తనాళాలు ముడుచుకుంటాయి. కూర్చున్నచోట కాలు ఊపడం, ఊరికే లేచి అటూ ఇటూ తిరగడం మనకు తెలియకుండానే తగ్గిపోతాయి. అంటే వేడి పుట్టడమే తగ్గింది.

దీన్ని అందరికంటే వివరంగా నమోదు చేసింది 1944-45లో అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ నడిపిన అధ్యయనం. ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు 24 వారాలపాటు రోజుకు దాదాపు 1,570 కేలరీలే ఇచ్చారు. సగటున ఒంటి బరువులో పావు వంతు తగ్గారు. ఊరికే పడుకున్నప్పుడు శరీరం చేసే ఖర్చు దాదాపు 40 శాతం పడిపోయింది. ఎండాకాలంలోనూ అదనంగా దుప్పట్లు అడిగారు. ఇప్పుడు వాట్సాప్‌లో తిరిగే డైట్ చార్టులు చాలావరకు 1,000, 1,200 కేలరీలవే. వాటిని పాటించే ఆడవాళ్ల అవసరం ఆ యువకులంత ఉండదు కాబట్టి నేరుగా పోల్చలేం. కానీ జరిగేది అదే, మోతాదులోనే తేడా.

అపోహ: కొవ్వు పోయింది, దుప్పటి తీసేసినట్టే. ఇక జీవితాంతం ఇంతే.

ఇందులో సగం నిజముంది. చర్మం కింది కొవ్వు వేడిని అంత తేలిగ్గా బయటికి పోనివ్వదు. అది పలచబడితే చలి కొంచెం ముందే తెలుస్తుంది. అయితే ఆ చలి ఎలా ఉంటుందంటే, ఇంకో చొక్కా తొడిగితే పోతుంది. పది నిమిషాలు చకచకా నడిస్తే వేళ్లు వెచ్చబడతాయి. దానితోపాటు వేరే ఇబ్బందేమీ ఉండదు.

తిండి చాలక వచ్చే చలి వేరు. భోజనానికి ముందు, సాయంత్రం పూట ఎక్కువవుతుంది, కడుపు నిండా తిన్న గంటలో తగ్గుతుంది. పదహారు గంటలు ఉపవాసం చేసేవాళ్లకు ఉదయం 11 ప్రాంతంలో, సరిగ్గా ఏసీ గుయ్‌మంటున్న వేళ పట్టుకుంటుంది. జుట్టు రాలడం, నిద్ర చెదిరిపోవడం, నెలసరి ఆలస్యం కావడం, మెట్లెక్కుతుంటే నీరసం కూడా దీనితో వస్తాయి. థర్మామీటరు పెడితే మాత్రం చాలాసార్లు 97, 98 దగ్గరే చూపిస్తుంది. అది చూసి "అంతా నీ భ్రమ" అనకండి. చర్మం చల్లబడినా ఒంటి లోపలి వేడిని శరీరం అంత తేలిగ్గా పడిపోనివ్వదు.

ముందు చూడాల్సింది గత నాలుగు వారాల్లో ఎంత వేగంగా తగ్గారన్నది. వారానికి ఒంటి బరువులో అర శాతం నుంచి ఒక శాతం దాకా ఫరవాలేదు. 70 కిలోల మనిషికి అది 350 నుంచి 700 గ్రాములు. వారానికి కిలోన్నర పోతుంటే చలికి వేరే కారణం వెతికేముందు కంచం వైపు చూడాలి.

కంచంలో మొదట ప్రోటీన్. తిన్న ప్రోటీన్‌లోని శక్తిలో 20 నుంచి 30 శాతం దాన్ని అరిగించి ఒంటికి పట్టించుకోవడానికే ఖర్చయి వేడిగా మారుతుంది. పిండిపదార్థాల్లో 5 నుంచి 10 శాతం, కొవ్వులో 3 శాతం లోపే. డైటింగ్‌లో ఉన్నవాళ్లకు కిలో బరువుకు 1.2 నుంచి 1.6 గ్రాములు లక్ష్యంగా పెడతాం. కిడ్నీ జబ్బున్నవాళ్ల లెక్క వేరు, అది డాక్టరే చెప్పాలి. "పప్పు రోజూ తింటున్నాం కదా" అంటారు. పీజీ సాంబారులో గరిటె తిప్పి చూడండి, పప్పు ఎంత తగులుతుందో. 30 గ్రాముల పచ్చి పప్పు వేస్తేనే దాదాపు 7 గ్రాముల ప్రోటీన్ వస్తుంది. గుడ్డుకు 6 గ్రాములు, పావు లీటరు పాలకు 8, వంద గ్రాముల పనీర్‌కు 18, పొడిగా తూచిన 30 గ్రాముల మీల్ మేకర్‌కు 15, పొట్టు పెసలు 60 గ్రాములతో వేసిన పెసరట్లకు 14. 60 కిలోల మనిషికి కనీసం 72 కావాలి. సలాడ్ డబ్బాతో ఆ లెక్క తేలదు.

అపోహ: వేడి చేసేవి తినాలి, చలువ చేసేవి మానాలి.

అల్లం, మిరియాలు, గుంటూరు కారం తిన్నాక ఒళ్లు వెచ్చబడినట్టు ఉండటం నిజమే. అవి వేడి గ్రహించే నరాలను తట్టిలేపుతాయి, చర్మంలో రక్తం పారుతుంది, చెమట పడుతుంది. చెమటంటే వేడి బయటికి పోవడమే. మిరియాల చారు తాగొద్దని కాదు, హాయిగా తాగండి. తిండి లోటును అది పూడ్చదు, అంతే. అసలు నష్టం రెండో సగంలో ఉంది. చలువ అని పెరుగు, మజ్జిగ, అరటిపండు మానేసేవాళ్లకు ఉన్న కాస్త ప్రోటీన్, కేలరీలు కూడా పోతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగు చల్లగా ఉందనిపిస్తే అరగంట బయట పెట్టి తినండి.

చలికి బ్రాందీ మందని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. మద్యం చర్మంలోని రక్తనాళాలను తెరుస్తుంది, ముఖం వెచ్చగా తోస్తుంది, లోపలి వేడి పోతుంది. సిగరెట్ దీనికి తిరగేసి చేస్తుంది, వేళ్లకు రక్తం తగ్గిస్తుంది.

అపోహ: ఇది కచ్చితంగా థైరాయిడే. ఒక మాత్ర వేసుకుంటే సరి.

థైరాయిడ్ తక్కువైతే చలి తట్టుకోలేకపోవడం నిజం. కానీ ఆ జబ్బులో బరువు సాధారణంగా పెరుగుతుంది. తగ్గుతూ చలి వేస్తుంటే తిండి, రక్తహీనత ముందు వరసలో ఉంటాయి. వాటితో థైరాయిడ్ కూడా కలిసి ఉండొచ్చు కాబట్టి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందగిస్తే సాధారణంగా పెరిగే హార్మోను) పరీక్ష చేయించడం తప్పు కాదు. డైటింగ్ వల్ల టీ3 తగ్గి, టీఎస్‌హెచ్ మామూలుగా ఉంటే అది థైరాయిడ్ గ్రంథి జబ్బు కాదు, తిండి పెరిగితే సర్దుకుంటుంది. దానికి థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోను మాత్ర) మింగితే గుండె దడ, కండ కరిగిపోవడం, ఎముకలు పలచబడటం మిగులుతాయి.

పరీక్షకు వెళ్లేముందు ఒక సంగతి. బరువు తగ్గాక జుట్టు రాలుతోందని చాలామంది బయోటిన్ మాత్రలు వాడతారు. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని ల్యాబ్ యంత్రాల లెక్క తప్పిస్తుంది: టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, థైరాయిడ్ హార్మోన్లు టీ3, టీ4 ఎక్కువగా చూపిస్తుంది. అసలు థైరాయిడ్ తక్కువున్న మనిషి రిపోర్టు నార్మల్‌గా వచ్చేయొచ్చు. కనీసం రెండు రోజుల ముందు ఆపి రక్తం ఇవ్వండి.

ఇప్పటికే థైరాక్సిన్ వాడుతూ బాగా బరువు తగ్గినవాళ్లు మోతాదు మళ్లీ చూపించుకోవాలి, తగ్గించాల్సి రావచ్చు. మాత్రను పరగడుపున నీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట దాకా ఏమీ తీసుకోకూడదు. ఫిల్టర్ కాఫీ కూడా ఆ గంట తర్వాతే. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. ఈ ఎడం పాటించక, మందు ఒంటికి పట్టక, "డోసు పెంచినా చలి పోవట్లేదు" అనేవాళ్లు తక్కువేమీ కాదు.

అపోహ: హిమోగ్లోబిన్ బాగానే ఉంది కాబట్టి ఐరన్ సమస్య లేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్కలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. తిండి తగ్గిస్తే ఐరన్ కూడా తగ్గుతుంది. హిమోగ్లోబిన్ ఆడవాళ్లలో 12, మగవాళ్లలో 13 కంటే దిగకముందే ఒంట్లోని ఐరన్ నిల్వలు ఖాళీ అవుతాయి. ఆ నిల్వ చెప్పేది ఫెర్రిటిన్. 15 కంటే తక్కువైతే లోటు ఖాయం. 30 లోపున్నా లక్షణాలుంటే చాలామంది డాక్టర్లు చికిత్స మొదలుపెడతారు. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెర్రిటిన్ దొంగగా పెరుగుతుంది కాబట్టి జబ్బు తగ్గాకే ఈ పరీక్ష చేయించాలి.

పరీక్ష లేకుండా ఐరన్ మింగొద్దు, ఎక్కువైనా ముప్పే. రాసిచ్చిన మాత్రను నిమ్మరసంతోనో ఉసిరి రసంతోనో వేసుకోండి, టీ, కాఫీ, పాలకు గంటకు పైగా దూరం పెట్టండి. రోజు విడిచి రోజు వేసుకుంటే పేగు మెరుగ్గా పీల్చుకుంటుంది, కడుపులో వికారం కూడా తగ్గుతుంది కాబట్టి ఇప్పుడు చాలామందికి అలా రాస్తున్నారు. తోటకూరలో, పాలకూరలో ఐరన్ ఉన్నా ఒంటికి పట్టేది కొంచెమే. పక్కన నిమ్మచెక్క పిండితే కాస్త మెరుగు.

శాకాహారులు, ఏళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు, బరువు తగ్గించే బేరియాట్రిక్ ఆపరేషన్ అయినవాళ్లు బీ12 కూడా చూపించుకోవాలి. దాని లోటు వల్ల రక్తహీనత వస్తుంది, పాదాల్లో తిమ్మిర్లు, చల్లదనం కూడా వస్తాయి.

అపోహ: మందులకూ చలికీ సంబంధం లేదు.

బీపీకి, దడకు, మైగ్రేన్‌కు ఇచ్చే అటెనొలాల్, ప్రొప్రనొలాల్ లాంటి మందులు చేతులు, కాళ్లు చల్లబరుస్తాయి. వాటిని సొంతంగా ఆపకూడదు, ఒక్కసారిగా ఆపితే గుండెకు ప్రమాదం. బరువు తగ్గించే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లకు ఆకలే వేయదు కాబట్టి రోజంతా ఒక ఇడ్లీతో గడిచిపోయినా తెలియదు. అలాంటివాళ్లు ఆకలిని కాదు, గడియారాన్ని చూసి తినాలి.

షుగరుకు గ్లిమెపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ బరువు తగ్గినవాళ్లలో చలితోపాటు చెమట, వణుకు, కళ్లు తిరగడం వస్తే వెంటనే గ్లూకోమీటర్ పెట్టి చూడాలి. 70 కంటే తక్కువుంటే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూడాలి. వోగ్లిబోస్, అకార్బోస్ అనే షుగర్ మాత్రలు కూడా వాడేవాళ్లకు పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజ్ పొడే కావాలి. ఒక ప్యాకెట్ బ్యాగులో ఉంచుకోండి. షుగర్ సర్దుకున్నాక మందు మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడండి.

అపోహ: మళ్లీ లావైతేనే చలి పోతుంది.

అక్కర్లేదు. తింటున్నదానికి రోజుకు 150 నుంచి 200 కేలరీలు కలిపి వారం ఆగండి. వంద గ్రాముల అన్నం 130, పదిహేను గ్రాముల పల్లీలు 85. తర్వాతి వారం మళ్లీ అంతే కలపండి. బరువు నిలకడగా ఉండే స్థాయికి చేరాక కనీసం రెండు వారాలు అక్కడే ఉండండి. ఈలోగా తూకంలో కిలో పెరిగితే కంగారుపడి మళ్లీ కోత పెట్టేవాళ్లే ఎక్కువ. అది చాలావరకు కండరాల్లో, కాలేయంలో చేరే గ్లైకోజెన్ (నిల్వ ఉండే పిండిపదార్థం), దానితో వచ్చే నీళ్లు. గ్రాము గ్లైకోజెన్‌తో దాదాపు మూడు గ్రాముల నీళ్లు చేరతాయి.

వారానికి రెండుసార్లు బరువులెత్తండి, కండ పోకుండా ఉంటుంది. ఇందులోనూ జిమ్‌లో చెప్పే అతిశయోక్తి ఒకటుంది: కండ పెరిగితే కూర్చున్నా ఒళ్లు కాలిపోతుందని. విశ్రాంతిలో కిలో కండ రోజుకు ఖర్చు చేసేది 13 కేలరీలే. కదిలినప్పుడే దాని వేడి. అందుకే గంటకోసారి కుర్చీలోంచి లేచి రెండంతస్తులు ఎక్కి దిగడం శాలువా కంటే నయం.

చన్నీళ్ల స్నానంతో ఇంకా కొవ్వు కరిగించాలనుకోవడం ఈ దశలో దండగ. దానితో ఖర్చయ్యే కేలరీలు నామమాత్రం.

అపోహ: ఎలాగూ డైటింగ్ చేస్తున్నాం, డాక్టరు దాకా ఎందుకు?

ప్రయత్నించకుండానే ఆరు నెలల నుంచి ఏడాదిలో బరువు ఐదు శాతం తగ్గితే అది డైటింగ్ ఫలితం కాదు. షుగర్, క్షయ, పేగు జబ్బులు, క్యాన్సర్ వెతకాలి. సాయంత్రం జ్వరంతో వచ్చే వణుకు, రాత్రి చెమటలు, రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించాలి. నెలసరి మూడు నెలలు ఆగినా, విశ్రాంతిలో నాడి 50 కంటే తక్కువున్నా, లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మినా, బరువు చాలినంత తగ్గాక కూడా తినాలంటే భయమేసినా ఆగొద్దు. చలికి వేళ్లు తెల్లబడి, నీలంగా మారి, తర్వాత ఎర్రబడుతుంటే అది రేనాడ్స్ అనే రక్తనాళాల సమస్య, తిండితో తీరేది కాదు. థర్మామీటరు 95 కంటే తక్కువ చూపిస్తూ మనిషి మందకొడిగా ఉంటే ఎమర్జెన్సీకే వెళ్లాలి.

రాత్రి కాళ్లకు హాట్ వాటర్ బ్యాగ్ పెట్టుకునే షుగర్ రోగులు జాగ్రత్త. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు అది కాలుస్తున్నా తెలియదు, తెల్లారి బొబ్బలు కనపడతాయి. పడుకునేముందు బ్యాగుతో పక్క వెచ్చబెట్టి, తీసేసి, మేజోళ్లు వేసుకుని పడుకోండి.