బిడ్డ ఏడిస్తే పాలు చాలనట్టేనా? పురిటి ఇంట్లో అపోహలు - వాస్తవాలు

నేను ప్రసూతి వార్డులో స్టాఫ్ నర్సుని. డిశ్చార్జ్ చేసేటప్పుడు తల్లికి చెప్పాల్సినవన్నీ చెప్పే పంపుతాం. కానీ ఇంటికి వెళ్ళాక ఆ అమ్మాయి చుట్టూ పదిమంది చేరి పది రకాలుగా చెప్తారు, రాత్రి రెండింటికి బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే మేం చెప్పింది ఒక్కటీ గుర్తుండదు. అందుకే రాస్తున్నాను. ఇంట్లో అమ్మమ్మలు, నానమ్మలు కూడా చదివితే ఇంకా మంచిది.

అపోహ: బిడ్డ మాటిమాటికీ ఏడుస్తున్నాడంటే పాలు చాలట్లేదు, డబ్బా పాలు పట్టాలి.

ముందు దీని సంగతే చెప్పాలి, మిగతా గొడవలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. పసిబిడ్డ పొట్ట చాలా చిన్నది, అందుకే రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు అడుగుతాడు, సాయంత్రాలు అయితే గంటకోసారి కూడా అడుగుతాడు. అది మామూలే. మా వీధిలో ఒకావిడ కూతురు పురిటికి వచ్చింది, తొమ్మిదో రోజు నన్ను పిలిచి "పాలు పడలేదమ్మా, డబ్బా తెప్పించేశాం, ఎలా కలపాలో చెప్పు" అన్నారు. నేను బిడ్డ కంటే ముందు దండెం వైపు చూశాను. "పొద్దున్నుంచి ఎన్ని గుడ్డలు తడిపాడు పిన్నిగారూ?" అంటే ఆవిడ లెక్కపెట్టి ఏడు అన్నారు. అప్పటికి మధ్యాహ్నం మూడే అయింది. తాగని బిడ్డ ఏడు గుడ్డలు ఎలా తడుపుతాడు? ఐదో రోజు దాటాక రోజుకి ఆరుసార్లకు తగ్గకుండా ఉచ్చ పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే పాలు సరిపోతున్నట్టే.

ఇక ఏడుపు ఎందుకంటే, వాడు చనుమొన చివర మాత్రమే పట్టుకుని లాగుతున్నాడు. దాంతో ఆ అమ్మాయికి పగుళ్ళు, నొప్పి తట్టుకోలేక మధ్యలోనే తీసేస్తోంది, వాడికేమో ఆకలి తీరట్లేదు. బిడ్డ పొట్ట తల్లి పొట్టకి ఆనేలా తిప్పి, ఆవులించినంత పెద్దగా నోరు తెరిచినప్పుడు దగ్గరికి తీసుకోమన్నాను. చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్ళాలి. మూడోసారికి కుదిరింది, గుటకలు వినిపించాయి, ఆ డబ్బా మూత తీయలేదు. ఒకటి గుర్తుపెట్టుకోండి, పాలు తాగేకొద్దీ ఊరతాయి. డబ్బా పట్టిన పూటల్లా రొమ్ము ఖాళీ అవదు, ఆ మేరకు ఊరడం తగ్గిపోతుంది, అప్పుడు నిజంగానే చాలవు.

మొదటి వారంలో బరువు కాస్త తగ్గుతుంది, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకి వచ్చేస్తాడు. రాకపోయినా, ఉచ్చ తగ్గినా, పాలకి లేవకుండా మగతగా పడి ఉన్నా డాక్టరుకి చూపించాల్సిందే. పైపాలు అవసరమా కాదా అన్నది డాక్టరు చెప్పాలి, పక్కింటివాళ్ళు కాదు.

అపోహ: బాలింత నీళ్ళు తాగకూడదు, ఒళ్ళు నీరు పడుతుంది.

ఆ రోజే ఆ అమ్మాయి పెదాలు ఎండిపోయి ఉన్నాయి. పొద్దున్నుంచి ఒక్క గ్లాసు నీళ్ళు, రెండు పూటలా కారప్పొడి అన్నం. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ వేస్తుంది, వేసినప్పుడల్లా తాగాలి, లేకపోతే మలబద్ధకం వచ్చి కుట్లు ఉన్నవాళ్ళకి నరకం కనిపిస్తుంది. వెల్లుల్లి కారం, నెయ్యి వేసి అన్నం పెట్టడం తప్పు కాదండీ, నెలంతా అదొక్కటే పెట్టడం తప్పు. పప్పు, ఆకుకూరలు, గుడ్డు, పాలు, పండ్లు అన్నీ పెట్టొచ్చు. ఐరన్, కాల్షియం మాత్రలు కాన్పు అయిపోయింది కదా అని ఆపేయకండి, ఆర్నెల్లు వాడాలి.

అపోహ: ముర్రుపాలు పిండి పారబోయాలి, ముందు తేనె నాకించాలి.

రెండూ తప్పే. పుట్టిన గంటలోపు మొదలుపెట్టాల్సింది ఆ పసుపుపచ్చటి చిక్కటి పాలే, జబ్బుల్ని తట్టుకునే శక్తి అందులో ఉంటుంది. తేనె ఏడాది నిండేదాకా వద్దు, దానివల్ల బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఆముదం, వసకొమ్ము గంధం, గ్రైప్ వాటర్, మంచినీళ్ళు ఏవీ వద్దు. ఆర్నెల్ల దాకా తల్లిపాలు, డాక్టరు రాసిన చుక్కలు, అంతే.

అపోహ: స్నానం చేయించాక ముక్కులో, చెవుల్లో నూనె వేసి సాంబ్రాణి పొగ పట్టాలి.

మెల్లగా ఒళ్ళంతా నూనె రాయడం మంచిదే, నేనూ రాయమనే చెప్తాను. ముక్కులో వేసిన నూనె మాత్రం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తుంది, పొగ కూడా ఆ చిన్న ఊపిరితిత్తులకి హానే. కంటికి కాటుక వద్దు, చాలా కాటుకల్లో సీసం ఉంటుంది. బొడ్డుకి పసుపు, పౌడరు, బూడిద ఏమీ పెట్టకండి, పొడిగా వదిలేస్తే రెండు వారాల్లోపు అదే ఊడిపోతుంది. పసిపిల్లల రొమ్ములు కాస్త ఉబ్బి ఉంటే పాలు పిండేస్తారు కొందరు, దయచేసి ఆ పని చేయకండి, చీము పడుతుంది. తల్లి హార్మోన్ల వల్ల వచ్చిన వాపు అది, దానంతటదే పోతుంది. ఆడపిల్లకి మొదటి వారంలో ఉచ్చ పోసే చోట రెండు చుక్కల రక్తం కనిపించడం కూడా అందుకే.

అపోహ: పసికామెర్లకి పొద్దుటి ఎండ చాలు.

రెండు మూడు రోజులకి కాస్త పచ్చబడి తగ్గిపోవడం చాలామంది పిల్లల్లో ఉంటుంది. కానీ పుట్టిన 24 గంటల్లోపే పచ్చగా కనిపించినా, అరచేతులు, అరికాళ్ళ దాకా పాకినా ఎండలో పెట్టుకుని కూర్చోకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. లైట్ కింద పెట్టాలో లేదో రక్తపరీక్ష చేసి వాళ్ళే చెప్తారు. 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి వస్తుంది, ఆవిడ వచ్చినప్పుడు బిడ్డని వెలుతురులోకి తెచ్చి చూపించండి.

అపోహ: బిడ్డ పుట్టాక తల్లి ఏడవకూడదు, ఇంటికి మంచిది కాదు.

హార్మోన్లు ఒక్కసారిగా పడిపోయి, నిద్ర లేక, మొదటి రెండు వారాలు ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. "ఎందుకేడుస్తావ్" అని కసరడం కన్నా బిడ్డ పాలు తాగాక భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించే పని నాన్న తీసుకుంటే ఆ అమ్మాయి ఒక గంట ఎక్కువ పడుకుంటుంది. రెండు వారాలు దాటినా ఏడుపు తగ్గకపోతే, బిడ్డని ఎత్తుకోవాలని కూడా అనిపించకపోతే అది డిప్రెషన్ కావచ్చు, దానికి వైద్యం ఉంది. తనకో బిడ్డకో ఏదైనా చేసుకోవాలన్న ఆలోచన వస్తుందని చెప్తే మాత్రం ఒంటరిగా వదలకుండా అప్పటికప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ముందు ఎవరితోనైనా మాట్లాడాలంటే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ ఉంది, నంబరు 14416, రాత్రయినా పగలైనా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు.