లాగర్ మార్చేముందు గడియారం చూడండి

తిరుపతి, చిత్తూరు వైపు కొత్తగా వీయూ3 కాల్‌సైన్ (హామ్ రేడియో లైసెన్స్‌తో వచ్చే గుర్తింపు పేరు) తీసుకున్నవాళ్లు మొదట అడిగేది "ఏ లాగర్ మంచిది సార్?" అని. లాగర్ అంటే రేడియోలో ఎవరితో ఎప్పుడు మాట్లాడామో రాసుకునే ప్రోగ్రామ్. ఆరు నెలలు పోయాక అడిగేది "ఇది మార్చేయమంటారా? ఎల్‌ఓటీడబ్ల్యూలో ఒక్క కన్ఫర్మేషనూ రావట్లేదు" అని. ఎల్‌ఓటీడబ్ల్యూ అంటే ఇద్దరి లాగ్‌లనూ సరిపోల్చి, ఆ సంభాషణ జరిగిందని ధ్రువీకరించే వెబ్ సేవ. ఈ రెండో ప్రశ్నకు జవాబు తెలిస్తే మొదటిదానికి అంత కంగారు అక్కర్లేదు.

అపోహ: కన్ఫర్మేషన్లు రావడం లేదంటే సాఫ్ట్‌వేర్ బాగాలేదు.

మీరు ఏ ప్రోగ్రామ్ వాడారో ఎల్‌ఓటీడబ్ల్యూకి పట్టదు. ఇద్దరూ లాగ్ ఎక్కించి ఉండాలి, కాల్‌సైన్లు, బ్యాండ్, మోడ్ కలవాలి, సమయాల మధ్య తేడా 30 నిమిషాలు దాటకూడదు. లాగ్‌లో సమయం యూటీసీలో (ప్రపంచమంతటికీ ఉమ్మడి సమయం) ఉండాలి. మన ఐఎస్‌టీ యూటీసీ కంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. గోడ గడియారం చూసి టైప్ చేసిన లాగ్‌లో ఒక్క క్యూఎస్ఓ (ఇద్దరి మధ్య జరిగిన రేడియో సంభాషణ) కూడా జతపడదు. అదే లాగ్‌ను ఇంకో ప్రోగ్రామ్‌లోకి తెచ్చుకుంటే తప్పు కూడా వెంటే వస్తుంది. ఇలా మూడు ప్రోగ్రాములు మార్చి, ఒకదానికి డబ్బు కూడా కట్టి, చివరికి హాబీ మీదే విసుగు తెచ్చుకున్నవాళ్లను చూస్తే బాధేస్తుంది.

తేదీ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. యూటీసీ తేదీ మనకు తెల్లవారి 5:30కి మారుతుంది. తిరుమలలో సుప్రభాతం వేళ, అంటే 15వ తేదీ తెల్లవారుజామున 3 గంటలకు చేసిన క్యూఎస్ఓ లాగ్‌లో 14వ తేదీ, 21:30 అని ఉండాలి. గంట సరిచేసి తేదీని 15గానే వదిలేస్తే తప్పు 24 గంటలకు పెరుగుతుంది. పొద్దున్నే 40 మీటర్ల మీద 5:20కి ఒకరితో, 5:35కి ఇంకొకరితో మాట్లాడితే ఆ రెండూ వేర్వేరు తేదీల్లో పడతాయి. అలాగే పడాలి.

"ఎఫ్‌టీ8 డీకోడ్‌లు బాగానే వస్తున్నాయి, అంటే గడియారం సరిగ్గానే ఉన్నట్టేగా" అని చాలామంది అంటారు. కాదు. ఎఫ్‌టీ8 అంటే కంప్యూటర్లు రేడియో ద్వారా చిన్న సందేశాలు మార్చుకునే డిజిటల్ మోడ్, డీకోడ్ అంటే అలా అందిన సందేశం. దానికి 15 సెకన్ల వంతులు కలిస్తే చాలు, గంట ఎంతైనా దానికి తేడా తెలియదు. విండోస్ వేసినప్పుడు టైమ్‌జోన్ పసిఫిక్ టైమ్‌గానే ఉండిపోయిందనుకోండి. గడియారం తప్పు చూపిస్తోందని చేత్తో మన టైముకు మార్చారు. ఇప్పుడు తెర మీద రాత్రి 8:00 సరిగ్గానే కనిపిస్తుంది. కానీ చలికాలమైతే కంప్యూటర్ దానికి 8 గంటలు కలిపి, మర్నాడు 04:00 యూటీసీ అని రాస్తుంది. అసలు యూటీసీ అప్పుడు 14:30. డీకోడ్‌లు ధారగా వస్తూనే ఉంటాయి, లాగ్ మాత్రం పదమూడున్నర గంటలు తప్పు. టైమ్‌జోన్‌లో చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉన్న +5:30 ఎంచుకోండి. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ (ఎఫ్‌టీ8 నడిపే ప్రోగ్రామ్) విండోలో కనిపించే యూటీసీకి ఐదున్నర గంటలు కలిపితే మీ ఫోన్‌లో ఉన్న సమయం రావాలి.

ఇప్పటికే తప్పు లాగ్ ఎక్కించేశారా? భయపడకండి. ఆ రికార్డులు జతపడకుండా అలా ఉండిపోతాయి, అంతే. ముందు లాగ్ కాపీ తీసి పక్కన పెట్టండి. చేత్తో రాసిన వాయిస్ క్యూఎస్ఓలను, డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ రాసినవాటిని వేరుచేయండి. ఐఎస్‌టీలో ఉన్నవాటి నుంచి మాత్రమే 5:30 తీసేసి, తేదీలు చూసుకుని, టీక్యూఎస్‌ఎల్‌తో (లాగ్ మీదేనని డిజిటల్ సంతకం వేసే ప్రోగ్రామ్) మళ్లీ సైన్ చేసి ఎక్కించండి. అన్నిటినీ ఒకేసారి జరిపేస్తే అంతవరకూ సరిగ్గా ఉన్న ఎఫ్‌టీ8 రికార్డులూ పాడవుతాయి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే.

అపోహ: మొదటే సరైనది ఎంచుకోకపోతే లాగ్ అందులోనే చిక్కుకుపోతుంది.

మీ లాగ్ అంటే ఏడీఐఎఫ్ ఫైలు (లాగర్లన్నీ చదవగల టెక్స్ట్ ఫైలు, దీన్నే ఏడీఐ ఫైలు అంటారు). ప్రోగ్రామ్ దాన్ని చూపించే కిటికీ మాత్రమే. కొత్త లాగర్‌లో ఓ పది క్యూఎస్ఓలు ఎక్కించి, ఏడీఐ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ప్రతి ఫీల్డ్ పేరు పక్కన కోలన్, తర్వాత ఒక అంకె ఉంటాయి. ఆ అంకె ఎన్ని అక్షరాలు చదవాలో చెబుతుంది. పేరు 4 అక్షరాలున్నచోట చేత్తో 9 అక్షరాల పేరు రాసి, అంకె మార్చడం మరిస్తే మొదటి నాలుగే దిగుతాయి. పేర్లు, ఊళ్లు తెలుగు లిపిలో రాయాలని మనసు లాగుతుంది, కానీ ఏడీఐ ఫైలుకు ఇంగ్లిష్ అక్షరాలే సురక్షితం. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షర సంకేతానికి మూడు బైట్లు పడతాయి. ఒక ప్రోగ్రామ్ అక్షరాలు లెక్కపెట్టి, ఇంకోటి బైట్లు లెక్కపెడితే కోత పడుతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. డబ్బు కట్టేదే మంచిదన్నది నిజం కాదు. విండోస్‌లో లాగ్4ఓఎం, లినక్స్‌లో సీక్యూఆర్‌లాగ్ ఉచితమే, రోజువారీ పనికి చాలు. ఎన్1ఎంఎం కాంటెస్ట్‌ల కోసం చేసింది, దాన్ని జీవితకాలపు లాగ్‌గా వాడకండి. బ్రౌజర్‌లో మాత్రమే నడిచే లాగర్ హాయిగానే ఉంటుంది కానీ, 2021 నవంబరులో తిరుపతిని ముంచిన వరదల్లాంటివి వస్తే నెట్ ఉంటుందన్న నమ్మకం లేదు. అప్పటికి ఒక నోటుపుస్తకం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

"రిగ్ (రేడియో సెట్టు) కనెక్ట్ కావట్లేదు, లాగర్ చెడిపోయింది" అంటే నూటికి తొంభైసార్లు ఆ కామ్ పోర్టును (రిగ్‌ను కంప్యూటర్‌తో కలిపే దారి) డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ ముందే పట్టుకుని ఉంటుంది. ఒక పోర్టును రెండు ప్రోగ్రాములు తెరవలేవు. ఓమ్నిరిగ్ లాంటి, పోర్టును పంచే ప్రోగ్రామ్ మధ్యలో పెట్టి, రెండింటినీ దానికే కలపండి. బాడ్ రేటు (డేటా వేగం) రిగ్ మెనూలో ఎంతుందో అక్కడా అంతే ఉండాలి.

ఎల్‌ఓటీడబ్ల్యూలో ఉంది కదా, బ్యాకప్ ఎందుకని కొందరి ధీమా. అవతలివారి పేరు, సిగ్నల్ రిపోర్టు, మీరు రాసుకున్న కామెంట్లు అక్కడి నుంచి తిరిగి రావు. వారానికోసారి ఏడీఐ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి తీయండి. టీక్యూఎస్‌ఎల్ ఫైల్ మెనూ నుంచి తీసే టీబీకే బ్యాకప్‌ను కూడా దాని పక్కనే ఉంచండి, సైన్ చేయడానికి కావాల్సిన మీ సర్టిఫికెట్ అందులోనే ఉంటుంది.

గ్రిడ్ (భూమిని గళ్లుగా విభజించి హామ్‌లు వాడే స్థలం కోడ్) సంగతి కూడా. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె అన్నీ ఎంకే93. కుప్పం వెళ్లి ఆపరేట్ చేస్తే ఎంకే92, శ్రీహరికోట వైపైతే ఎన్‌కే03. టీక్యూఎస్‌ఎల్‌లో ఒక్కోదానికి వేరే స్టేషన్ లొకేషన్ చేసుకుని, ఆ క్యూఎస్ఓలను దానితోనే సైన్ చేయండి.