మ్యాపులో గీత పడితే ఇల్లు పోయినట్టేనా? మాస్టర్ ప్లాన్ల మీద అపోహలు – వాస్తవాలు

మళ్ళీ మొదలైంది. ఎక్కడో ఒక మున్సిపాలిటీ ముసాయిదా మాస్టర్ ప్లాన్ (ఊళ్ళో రోడ్లు, ఇళ్ళు, ఫ్యాక్టరీలు ఎక్కడ రావాలో ముందే గీసే మ్యాపు) బయటికొచ్చిందంటే చాలు, రెండో రోజుకి నా ఫోన్ నిండా మ్యాపుల స్క్రీన్‌షాట్లే. సగం వాటిలో ఊరి పేరు కూడా కనపడదు. ఎర్ర గీత చుట్టూ ఎవరో వేలితో సున్నా చుట్టి, "ఇక్కడ నుంచి 100 ఫీట్ల రోడ్డు, ఇళ్ళన్నీ పోతున్నాయి, అందరికీ ఫార్వర్డ్ చేయండి" అని రాసి ఉంటుంది. ఫార్వర్డ్ చేసిన వాళ్ళలో ఒక్కరు కూడా అసలు పీడీఎఫ్ తెరిచి ఉండరు, ఆ మాట ఖాయంగా చెప్పగలను.

నేను టౌన్ ప్లానర్ని. ప్రభుత్వ ఉద్యోగం కాదు. మాస్టర్ ప్లాన్లకు సర్వేలు, బేస్ మ్యాపులు చేసే కన్సల్టెన్సీల్లో పనిచేశాను, ఇప్పుడు ఎక్కువగా హైదరాబాదు శివారు కాలనీల అసోసియేషన్లకు అభ్యంతరాలు రాసిపెడుతుంటాను. అంటే ప్లాన్ గీసేవాళ్ళ వైపు, దాన్ని చూసి హడలిపోయే వాళ్ళ వైపు, రెండు వైపులా కూర్చున్నదాన్నే. అన్నిటికంటే జనం జేబుకి ఎక్కువ చిల్లు పెట్టే అపోహతో మొదలుపెడతాను, మిగతావి తర్వాత గబగబా.

అపోహ: "మన స్థలం మీద గీత పడింది, ఇక పోయినట్టే. వచ్చిన రేటుకి అమ్మేసుకుందాం."

ఆమధ్య ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరు గారు, ఆయన భార్య వచ్చారు. 150 గజాల ఇల్లు, 30 అడుగుల ముఖం, 45 అడుగుల లోతు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కూడబెట్టి కట్టుకున్నది. "గీత మా ఇంటి మీదికెల్లే పోతున్నది మేడమ్. సగం రేటుకైనా ఇప్పుడే ఇచ్చేస్తే ఎంతో కొంత చేతికొస్తదంటున్నడు" అన్నారాయన. ఎవరు అంటున్నది అని అడిగితే తెలిసినాయనే అన్నారు. కొనేది ఎవరు అంటే, అదే తెలిసినాయన.

సర్వే నంబరు తీసుకుని అసలు మ్యాపు తెరిచాను. స్కేలు 1:10,000. అంటే కాగితం మీద ఒక మిల్లీమీటరు నేల మీద 10 మీటర్లు. ప్రింటులో ఆ రోడ్డు గీత మందమే ఒక మిల్లీమీటరు ఉంది, 33 అడుగులన్నమాట. వాళ్ళ ఇంటి ముఖం కంటే గీత మందమే ఎక్కువ! ఆ స్కేలులో ఒక ఇల్లు గీతలో ఉందా పక్కన ఉందా అని ఫోన్ స్క్రీన్‌షాట్ చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. గ్రామ నక్షాను, అంటే సర్వే నంబర్ల హద్దులు చూపించే మ్యాపుని, దాని మీద పరిచి చూస్తే రోడ్డు నాలాకి అవతలి వైపు, పాత బండ్ల బాట వెంబడే పోతోంది. వాళ్ళ సర్వే నంబరుకి దానితో సంబంధమే లేదు. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆవిడ మాత్రం వెంటనే "అయితే మీద ఇంకో రూము ఏసుకోవచ్చా?" అని అడిగింది.

అందరి కథా ఇలా సుఖంగా తేలదు, నిజంగానే గీత మీద పడే ఇళ్ళుంటాయి. అప్పుడైనా ఏం జరుగుతుందో, ఏం జరగదో విడివిడిగా చూడాలి. ముసాయిదా అన్నది మనల్ని అభ్యంతరాలు అడగడానికి బయటపెట్టిన కాగితం. అది తుది ప్లానై నోటిఫై అయ్యాక కూడా పట్టా మీ పేరు మీదే ఉంటుంది, ఈసీలో (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితాలో) ఏమీ మారదు, ఉన్న ఇంట్లో ఉండొచ్చు, అద్దెకిచ్చుకోవచ్చు. మ్యాపులో పొలానికి ఇండస్ట్రియల్ జోన్ (ఫ్యాక్టరీల ప్రాంతం) రంగు పడినంత మాత్రాన వరి వేయొద్దని ఎవరూ రారు. భూమి తీసుకోవడం పూర్తిగా వేరే చట్టం. 2013 భూసేకరణ చట్టం కింద ముందు సెక్షన్ 11 ప్రాథమిక నోటిఫికేషన్ రావాలి, ఏ భూమి ఎంత మేర అన్నది అందులో ఉండాలి, దాని మీద అభ్యంతరం చెప్పుకోవడానికి 60 రోజులుంటాయి, ఆ తర్వాతే భూమి తీసుకుంటున్నామనే డిక్లరేషన్, పరిహారం ఖరారు చేసే అవార్డు. పరిహారంలో మార్కెట్ విలువ మీద నూటికి నూరు శాతం సొలేషియం, అంటే బలవంతంగా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము, కలుస్తుంది. కాకపోతే ఆ మార్కెట్ విలువ లెక్క రిజిస్ట్రేషన్ విలువల చుట్టూనే తిరుగుతుంది, కొన్నప్పుడు స్టాంపు డ్యూటీ మిగిల్చుకుందామని తక్కువకు రాయించుకున్న పాపం సరిగ్గా ఇక్కడ తగులుతుంది.

నిజంగా మారేది బిల్డింగ్ పర్మిషన్. రోడ్డు ప్రతిపాదన పడినంత మేర కొత్తగా కట్టనివ్వరు, మిగిలిన స్థలం నుంచే సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) లెక్కేస్తారు. రోడ్డుకు పోయే ముక్కను రాసిస్తే సెట్‌బ్యాకుల్లో సడలింపో, టీడీఆరో (వేరే చోట అదనంగా కట్టుకోవడానికి వాడుకునే, అమ్ముకునే హక్కు) ఇస్తారు. హైదరాబాదులో మాస్టర్ ప్లాన్ రోడ్డుకిచ్చిన స్థలానికి టీడీఆర్ 400 శాతం దాకా ఉంది. వినడానికి బాగుంటుంది గానీ టీడీఆర్ అంటే చేతికొచ్చే డబ్బు కాదు, ఒక సర్టిఫికెట్, కొనే బిల్డరు దొరికిన రోజే దానికి విలువ. ఇదంతా తెలిసి అమ్ముకుంటే అది మీ నిర్ణయం. వాట్సాప్ చూసి సగం రేటుకి అమ్ముకుంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

అలాగని భయపడేవాళ్ళని తెలివితక్కువ వాళ్ళని నేననను. కామారెడ్డి మాస్టర్ ప్లాన్ గొడవ గుర్తుంది కదా. 2022 నవంబరులో ముసాయిదా పెట్టారు, అభ్యంతరాలకు 2023 జనవరి 11 దాకా గడువు. అడ్లూర్ ఎల్లారెడ్డి లాంటి గ్రామాల పొలాలకు ఇండస్ట్రియల్ జోన్ రంగు పడింది. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు, భూమి గురించిన బెంగతోనేనని ఇంటివాళ్ళు చెప్పారు. జనవరి మొదటి వారంలో రైతులు కలెక్టరేట్ ముందు బైఠాయించారు. ఇది ముసాయిదా మాత్రమే, భూములు తీసుకోం అని అధికారులు చెప్పింది చట్టం ప్రకారం నిజమే. కానీ రైతు అడిగింది కూడా నిజమే: రేపు పిల్ల పెళ్ళికి రెండెకరాలు అమ్మాలంటే ఇండస్ట్రియల్ జోన్‌లో ప్లాట్లు చేసేవాడు రాడు, రేటు పడిపోతుంది, మరి నాకు పోయింది ఎవరిస్తారు? ఈ ప్రశ్నకి "భూమి మీదే" అన్నది జవాబు కాదు. చివరికి జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదా వద్దని తీర్మానం చేసింది. ముసాయిదా వెనక్కి పోదు అనేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. రైతుకి అర్థమయ్యే తెలుగులో సర్వే నంబర్ల జాబితా ముందే పంచాయతీ గోడకి అంటించి ఉంటే ఇంత దాకా వచ్చేదా అన్న అనుమానం నాకు ఇప్పటికీ ఉంది. మా వృత్తిలో చాలామందికి మ్యాపు పెట్టేస్తే చెప్పేసినట్టే అన్న నమ్మకం ఒకటుంది.

ఇక్కడే దీని తోబుట్టువు ఇంకో అపోహ: "రాసినా ఎవడు చదువుతాడు, ధర్నా చేస్తేనే వింటారు." ధర్నా చేయండి, కాదనను. కానీ గడువు లోపల కాగితం కూడా ఇవ్వండి. అభ్యంతరాల పట్టిక తయారుచేసే కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి చెప్తున్నా, ఒకే మాటని జిరాక్స్ తీసి రెండు వందల మంది సంతకాలు పెట్టిస్తే పట్టికలో అది ఒకే వరసలోకి పోతుంది, పక్కన "రెండు వందల మంది" అని రాస్తారు, అంతే. ఒకావిడ ఇచ్చిన ఒక్క పేజీ మాత్రం నాకు ఇంకా గుర్తుంది. సర్వే నంబరు, ప్లాటు నంబరు, మంజూరైన లేఅవుట్ కాపీ, మీరు గీసిన రోడ్డు మా పార్కు మీదుగా పోతోంది, నలభై గజాలు తూర్పుకి జరిపితే ఖాళీ ప్రభుత్వ స్థలం ఉంది చూడండి అని పెన్సిలుతో గీసిన బొమ్మ. ఫీల్డుకి వెళ్ళి చూడక తప్పలేదు. రోడ్డు జరిగింది. వద్దు అన్న మాటకి మేం ఏమీ చేయలేం, ఇటు కాదు అటు అన్న మాటకి చేయగలం. ఇచ్చిన కాగితం మీద ఇన్‌వర్డ్ నంబరు, స్టాంపు వేయించుకోండి. మీటింగులో మైకులో చెప్పింది రికార్డు కాదు. ఒక్క స్థలం ల్యాండ్ యూజ్ (ఆ స్థలాన్ని ఇళ్ళకా, షాపులకా, సాగుకా దేనికి వాడాలన్నది) మార్చే నోటీసులు పేపర్లో లోపలి పేజీల్లో చిన్నగా పడతాయి, గడువు పదిహేను రోజులే ఉండటం మామూలు, అసోసియేషన్‌లో ఎవరో ఒకరు రోజూ పేపరు ఆ కళ్ళతో చూడాలి.

పుకారు ఖరీదు నాకు పుస్తకాల్లో తెలియలేదు. మా ఊళ్ళో రోడ్డు వెడల్పు చేస్తారట అని ఎవరో టీ బంకు దగ్గర అన్నారని మా నాన్న వంటింటి మీద రేకులు తీసి స్లాబు వేయించడం వాయిదా వేస్తూ పోయాడు. మున్సిపల్ ఆఫీసు మా ఇంటికి నడిచిపోయేంత దూరం, ఒక్కసారి వెళ్ళి అడిగింది లేదు. నేను ఇంటర్ చదివేటప్పుడు కూడా వానాకాలం వస్తే అమ్మ పొయ్యి పక్కన గిన్నె పెట్టుకుని వండేది. ఆ రోడ్డు ఏ ప్లాన్‌లోనూ లేదని నేను ఈ ఉద్యోగంలో చేరాక నక్షా తీసి చూస్తే గానీ తెలియలేదు. సరే, అది పక్కన పెడదాం.

మిగతావి త్వరగా చెప్పేస్తా.

"ఎల్ఆర్ఎస్ కట్టేశాం, ఇక ఏ ఢోకా లేదు." ఎల్ఆర్ఎస్ అంటే అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం, అది ప్లాటుని క్రమబద్ధీకరిస్తుంది. ల్యాండ్ యూజ్‌ని మార్చదు, చెరువు ఎఫ్‌టీఎల్‌లో (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్ళు నిలిచే హద్దులో) ఉన్నదాన్ని బయటికి తీయదు. "ట్యాక్స్ కమర్షియల్‌గా కడుతున్నాం కాబట్టి షాపుకి పర్మిషన్ ఉన్నట్టే" అనేది కూడా ఇలాంటిదే. పన్ను పన్నే, అనుమతి అనుమతే.

"బఫర్ జోన్ అంటే ఎంతైనా గీస్తారు." కాదు, చెరువు, నాలా పక్కన ఏమీ కట్టకుండా వదలాల్సిన ఆ జాగాకి అంకెలున్నాయి. 2012 బిల్డింగ్ రూల్స్ ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు. 10 మీటర్ల లోపు వెడల్పున్న నాలాకి 2 మీటర్లు. హైడ్రా (హైదరాబాదులో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ) వచ్చిన దగ్గర్నుంచి చెరువుకి అర కిలోమీటరు దూరంలో ఉన్నవాళ్ళు కూడా నిద్ర పోవట్లేదు, ముందు ఎఫ్‌టీఎల్ మ్యాపు చూడండి.

"అసోసియేషన్ తీర్మానం చేస్తే పక్కన అపార్ట్‌మెంట్ ఆగిపోతుంది." ఆగదు. పర్మిషన్ రూల్స్ చూసి ఇస్తారు, మన ఇష్టాయిష్టాలు చూసి కాదు. 18 మీటర్లు దాటిన భవనం హైరైజ్. దానికి కనీసం 2000 చదరపు మీటర్ల స్థలం, ముందు కనీసం 40 అడుగుల రోడ్డు కావాలి. పట్టు అక్కడ దొరుకుతుంది. "మా ప్రశాంతత పోతుంది" అని మూడు పేజీలు రాసేకంటే రోడ్డు ఎంతుందో కొలిచి రాయండి, కాగితం మీద 40 అని చూపించినవి నేల మీద 33 ఉన్నవి నేను చూశాను.

చివరగా ట్రాఫిక్. "రోడ్డు వెడల్పు చేస్తే జామ్ తీరిపోతుంది" అని ప్రతి మీటింగులోనూ ఒక పెద్దాయన లేచి అంటారు, చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు కొట్టేవాళ్ళు రూల్స్‌లో ఎత్తు పట్టిక ఒకసారి చూడాలి. మనకి ఎన్ని అంతస్తులు అన్నది చాలావరకు రోడ్డు వెడల్పుని బట్టే. 40 అడుగుల రోడ్డు మీద 24 మీటర్ల ఎత్తు దాకా ఆగుతారు. అదే రోడ్డు 60 అడుగులైతే 30 మీటర్ల దాకా వెళ్ళొచ్చు, 80 అడుగుల రోడ్డైతే ఇంకా పైకి. అంటే మీరు వెడల్పు అడిగిన రోజే పక్క ఖాళీ స్థలం బిల్డరు రెండు అంతస్తులు ఎక్కువ లెక్కేసుకుంటాడు, ఆ ఫ్లాట్ల కార్లు వచ్చి పడేది మీ రోడ్డు మీదే. వెడల్పు వద్దని కాదు నా మాట. ముందు జామ్ ఎక్కడ అవుతోందో చూడాలి. చాలా కాలనీల్లో అది రోడ్డు మధ్యలో కాదు, మెయిన్ రోడ్డుకి కలిసే మూల మీద, టిఫిన్ బండ్లు, ఆటోలు, స్కూలు బస్సు తిరగలేక వెనక్కి తీసుకునే చోట. అసోసియేషన్‌లో నలుగురు పని రోజుల్లో ఉదయం ఎనిమిదిన్నర నుంచి పది దాకా ఆ మూల మీద కూర్చుని ఎన్ని బళ్ళు వస్తున్నాయి, ఎన్ని ఆగుతున్నాయి, రోడ్డు మీద ఎన్ని కార్లు పార్క్ చేసి ఉన్నాయి అని నోట్‌బుక్కులో గీతలు పెట్టుకుంటే చాలు, ప్లానర్ ముందు పెట్టడానికి సరుకు ఉంటుంది. "విపరీతమైన ట్రాఫిక్" అన్న మాటని ఏ పట్టికలోనూ ఎక్కించలేం.

రోడ్డు కొలవమన్నాను కదా, దాని గురించి ఒక్క మాట. ఇళ్ళ ముందు కట్టుకున్న ర్యాంపుల మధ్య కొలవకండి. లేఅవుట్ ప్రకారం ప్లాటు హద్దు ఎక్కడుందో చూసుకుని అటు హద్దు నుంచి ఇటు హద్దుకి, కనీసం మూడు చోట్ల కొలిచి, టేపు కనపడేలా ఫొటో తీసి జత చేయండి.