పట్టాల మీద ఫొటోలు: ఇంజిన్‌లో కూర్చున్నవాడి మాట

నేను లోకో పైలట్‌ను. ప్రీ వెడ్డింగ్ ఫొటోలకనీ రీల్స్ కనీ పట్టాల మీదికి వచ్చేవాళ్లు నాకు తరచూ కనబడుతుంటారు. వాళ్లు నమ్మే మాటలు కొన్ని, నాకు తెలిసిన నిజాలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: రైలు వస్తే చప్పుడు వినబడుతుంది, తప్పుకోవచ్చు.

అన్నిటికంటే ఎక్కువ ప్రాణాలు తీసే నమ్మకం ఇదేనని నా అభిప్రాయం. పూర్వం పట్టాల అతుకుల దగ్గర టకటకమని మోత వచ్చేది. ఇప్పుడు కిలోమీటర్ల పొడవునా వెల్డింగ్ చేసి కలిపేస్తున్నారు. కరెంటు ఇంజిన్‌కు డీజిల్ ఇంజిన్ హోరు లేదు.

ఒకరోజు వంపు తిరగగానే, పట్టాల మధ్య మోకాళ్ల మీద కూర్చున్న ఫొటోగ్రాఫర్ వీపు కనబడింది. కన్ను కెమెరాకు ఆనించి ఉన్నాడు. ఎమర్జెన్సీ బ్రేకు వేసి హారన్ మోగిస్తూనే ఉన్నాను. కదలడే! ఎదురుగా నిలబడిన పెళ్లికూతురు ముందుగా రైలును చూసింది. చొక్కా పట్టుకుని పక్కకు లాగేసింది. ట్రైపాడ్ మా ఇంజిన్ కింద నుగ్గునుగ్గయింది. బండి ఆగాక కూడా నేను హారన్ మీది నుంచి చెయ్యి తీయలేదట. నా సహాయకుడు చెబితే తెలిసింది.

2018 అక్టోబరు 19న అమృత్‌సర్‌లో జనం పట్టాల మీద నిలబడి రావణ దహనం చూస్తున్నారు, ఫోన్లలో తీస్తున్నారు. బాణసంచా మోతలో రైలు రావడం తెలియలేదు. దాదాపు 60 మంది పోయారు.

అపోహ: డ్రైవరు చూసి ఆపుతాడు.

గంటకు 110 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 30 మీటర్లు. మీరు 300 మీటర్ల దూరంలో కనబడితే నా చేతిలో ఉన్నవి 10 సెకన్లు. బండి పూర్తిగా ఆగడానికి కిలోమీటరు దాకా పట్టవచ్చు. పక్కకు తిప్పడానికి నా దగ్గర స్టీరింగ్ లేదు.

అపోహ: పట్టాలకు కాస్త పక్కన నిలబడితే చాలు.

పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు, బోగీ వెడల్పు సుమారు 3,240. అంటే రెండు వైపులా దాదాపు ముప్పావు మీటరు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. తలుపు దగ్గర వేలాడేవాళ్ల చేతులు, కాళ్లు ఈ లెక్కలో లేవు.

అపోహ: ఆగి ఉన్న గూడ్సు బండి పైకెక్కితే ప్రమాదమేమీ లేదు.

పైన తీగలో 25,000 వోల్టులు. తాకనక్కర్లేదు, దగ్గరికి వెళితేనే కరెంటు దూకుతుంది. సెల్ఫీ స్టిక్ ఎత్తితే ఆ దూరం ఇంకా తగ్గుతుంది.

అపోహ: టైమ్ టేబుల్ చూసుకునే వచ్చాం.

గూడ్సు బండ్లు, ప్రత్యేక రైళ్లు, ఒంటరిగా వెళ్లే ఇంజిన్లు మీ ఫోనులోని టైమ్ టేబుల్‌లో ఉండవు. అనుమతి లేకుండా పట్టాల మీదికి రావడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం కూడా: 6 నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

రైళ్ల రాకపోకల గురించి సినిమావాళ్లూ ఇలాంటి లెక్కే వేసుకున్నారు. 2014 ఫిబ్రవరి 20న అమెరికాలోని జార్జియాలో ఒక చిత్ర బృందం రైల్వే సంస్థ అనుమతి లేకుండానే వంతెనపై పట్టాల మీద మంచం వేసి చిత్రీకరణ మొదలుపెట్టింది. రెండు రైళ్లు వెళతాయని విన్నారు. ఆ రెండూ వెళ్లిపోయాయి. మూడోది వచ్చింది. కెమెరా సహాయకురాలు సారా జోన్స్ చనిపోయారు. ఆమెకు 27 ఏళ్లు. దర్శకుడికి జైలు శిక్ష పడింది.