కళావేదికకు బిల్లు ఉంది, కళాకారుడికి పద్దు లేదు

తెలుగు రాష్ట్రాల్లో చాలా పల్లెల్లో పంచాయతీ ఆఫీసు పక్కనో, రామాలయం ఎదుటో సిమెంటు కళావేదిక కనిపిస్తుంది. పైన నిధులిచ్చిన ఎంపీ పేరో, జిల్లా పరిషత్ పేరో రాసి ఉంటుంది. కోతల కాలంలో దానిమీద వడ్లు ఆరబోస్తారు. వేదిక కట్టడానికి దొరికిన డబ్బు దానిమీద ఒక ఆట ఆడించడానికి ఎందుకు దొరకదని కళాబృందాలు ఏళ్ల తరబడి అడుగుతున్నాయి. ఇందుకు కారణం కొంత పన్నుల చరిత్రలో ఉంది, కొంత బిల్లు పాసయ్యే పద్ధతిలో ఉంది.

పంచాయతీ చట్టాలకు ముందు ఆటను ఊరే పోషించింది. తెలంగాణలో చిందు భాగోతం అనే వీధి నాటకం ఆడే మేళాలకు, అంటే బృందాలకు, ఫలానా ఊళ్లు ఫలానా మేళానివని మిరాశీ, అంటే వంశపారంపర్య హక్కు, ఉండేది. మేళం దిగితే బస, బియ్యం, దీపాలకు నూనె ఆ ఊరి లెక్క. ఆట అయ్యాక ఇచ్చే ధాన్యాన్ని, రొక్కాన్ని త్యాగం అనేవారు. అది అడుక్కుని తీసుకునేది కాదు, హక్కుగా అందుకునేది. కులానికి కట్టేసిన ఏర్పాటు కాబట్టి దాన్ని తిరిగి తేవాలని ఎవరూ కోరుకోనక్కర్లేదు. కానీ కళాకారుడికి ఏడాదికి ఇంత రాబడి అని లెక్క ఉన్నది మాత్రం అందులోనే. ఆంధ్ర ప్రాంతంలో సేవకు బదులుగా భూమి ఇచ్చే ఈనాం పద్ధతికి 1956 చట్టం ముగింపు పలికింది. ఊరి నుంచి వచ్చే ఆ రాబడి పోయాక దాని స్థానంలోకి పంచాయతీ రావాల్సింది, రాలేదు.

పన్ను మాత్రం ముందే వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1926 చట్టం వినోదపు పన్ను వేసే అధికారాన్ని స్థానిక సంస్థలకే ఇచ్చింది. 1939లో వచ్చిన కొత్త చట్టంతో వసూలు ప్రభుత్వం చేతికి వెళ్లింది, రాబడిలో వాటా స్థానిక సంస్థలకు తిరిగి వచ్చేది. నాటకం టికెట్టు మీదా, సినిమా టికెట్టు మీదా వచ్చిన ఆ సొమ్ము పంచాయతీ, మునిసిపాలిటీ సాధారణ నిధిలో కలిసిపోయి వీధి దీపాలకూ మురుగు కాలువలకూ ఖర్చయింది. అందులో ఇంత శాతం కళలకు అని రాసి ఉంటే నేటి చర్చ వేరుగా ఉండేది.

రాస్తే ఏం జరుగుతుందో గ్రంథాలయాల్లో చూడవచ్చు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ కావాలి. పంచాయతీలు, మునిసిపాలిటీలు వసూలు చేసిన సెస్సును సకాలంలో కట్టకపోవడం పాత జబ్బే. అయినా బకాయి ఎంతో లెక్కకట్టి అడగడానికి గ్రంథాలయానికి ఒక అంకె ఉంది. నాటక సమాజానికి అది లేదు.

రాష్ట్ర స్థాయిలో 1957లో ఏర్పడిన సంగీత నాటక అకాడమీ 1983లో రద్దయింది. తర్వాత సాంస్కృతిక శాఖ, 1998 నుంచి నంది నాటకోత్సవాలు కొంత ఆదుకున్నాయి. అవన్నీ రాజధాని నుంచి వచ్చే డబ్బు. 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టిన తెనాలి లాంటి ఊరైనా దానికోసం పైకి చూడాల్సిందే.

73, 74 రాజ్యాంగ సవరణలు 1993లో అమల్లోకి వచ్చాయి. పంచాయతీలకు సంబంధించిన పదకొండో షెడ్యూలులోని 29 విషయాల్లో సాంస్కృతిక కార్యకలాపాలు 21వది. పట్టణాలకు సంబంధించిన పన్నెండో షెడ్యూలులో 13వ అంశం సాంస్కృతిక, విద్యా, సౌందర్య అంశాల ప్రోత్సాహం. అంటే బాధ్యత కాగితం మీదికి వచ్చింది. డబ్బు, మనిషి దానివెంట రాలేదు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చి వినోదపు పన్నును కలిపేసుకుంది. పంచాయతీలూ మునిసిపాలిటీలూ వేసుకునే మేరకు మాత్రం ఆ అధికారం రాష్ట్రాల జాబితా 62వ పద్దులో మిగిలింది. వాడుకోవాలంటే రాష్ట్రం చట్టం చేయాలి. తమిళనాడు ఆ ఏడాదే చేసుకుంది.

ఇక పంచాయతీ చేతిలో ఉన్నవి సొంత రాబడి, ఆర్థిక సంఘం నిధులు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పంచాయతీ గ్రాంటులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యానికి కట్టేసింది. మిగతా 40 శాతాన్ని జీతాలకు, ఆఫీసు ఖర్చులకు తప్ప స్థానిక అవసరాలకు వాడుకోనిచ్చింది. ఆర్థిక సంఘం సొమ్ములో కళకు దారి ఉన్నది ఇలా కట్టేయని వాటాలోనే. అయితే పని గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఉండాలి. వచ్చే ఆర్థిక సంవత్సరానికి ఆ ప్రణాళిక వేసే గ్రామసభలు సాధారణంగా అక్టోబర్ 2న మొదలవుతాయి. సంక్రాంతికి ఆట ఆడాలనుకునే బృందం డిసెంబరులో సర్పంచి దగ్గరికి వెళితే అప్పటికే ఆలస్యం. అంతకు ముందు ఏడాది అక్టోబరులోనే గ్రామసభలో లేచి అడిగి, ప్రదర్శన పేరు, రోజులు, మొత్తంతో సహా తీర్మానం పుస్తకంలో రాయించుకోవాలి. "సాంస్కృతిక కార్యక్రమాల నిమిత్తం" అని మాత్రమే రాసిన తీర్మానం తర్వాత ఏ ఖర్చుకైనా సర్దుబాటవుతుంది.

అసలు చిక్కు బిల్లు దగ్గర వస్తుంది. వేదిక కడితే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) వచ్చి పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, ఎక్కిస్తారు. ఇన్ని ఘనమీటర్ల కాంక్రీటు, ఇంత రేటు, ఇంత బిల్లు. రాత్రి పదింటికి మొదలై తెల్లవారుజామున మంగళం పాడిన ఆటకు ఎం-బుక్ లేదు. పొద్దున్నే ముఖాన పూసుకున్న అర్దళం రంగు కడుక్కుని వేషధారులు వెళ్లిపోయాక చూపించడానికి ఏమీ మిగలదు. ఆడిట్‌లో అభ్యంతరం వస్తే ఆ మొత్తాన్ని తన దగ్గర రాబడతారని పంచాయతీ కార్యదర్శి భయం. ఆ భయం ఉత్తది కాదు, సర్‌ఛార్జి నిబంధన నిజంగానే ఉంది. అందుకే కార్యదర్శులు కళాకారుడి పేరు మీద కాకుండా షామియానా, మైకు, స్టేజీ అన్నీ కలిపి ఒక ఈవెంట్ కాంట్రాక్టరు పేరు మీద చెల్లించడానికి మొగ్గుతారు. కాంట్రాక్టరు చేతికి వెళ్లిన డబ్బులో కళాకారుడికి ఎంతన్నది పంచాయతీ రికార్డులో ఉండదు.

లెక్కకు చూసినా అది నష్టమే. జానపద, శాస్త్రీయ సంగీతం, నృత్యం, నాటకం ప్రదర్శించే కళాకారుడి పారితోషికంపై ఒక ప్రదర్శనకు లక్షన్నర రూపాయల దాకా జీఎస్టీ లేదు. అదే ప్రదర్శనకు ఈవెంట్ సంస్థ బిల్లు పెడితే 18 శాతం పడవచ్చు. బృందం వైపు నుంచి కావాల్సినవి సొసైటీ రిజిస్ట్రేషన్, సొసైటీ పేరుమీదే బ్యాంకు ఖాతా, పాన్. టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే ఆదాయపు పన్ను) వర్తించే చెల్లింపులో పాన్ లేకపోతే 20 శాతం కోత. గురువు సొంత ఖాతాలో వేయించుకోవడం తేలిగ్గా కనిపిస్తుంది కానీ, పది మంది పంచుకునే డబ్బు ఒక్కడి ఆదాయంగా నమోదవుతుంది.

పట్టణాల్లో సాయం ఎక్కువగా హాలు రూపంలో ఉంటుంది. విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రం, రాజమహేంద్రవరం ఆనం కళాకేంద్రం నగరపాలక సంస్థలవే. ఇలాంటి హాళ్లలో అద్దె ఒక్కటే ఖర్చు కాదు. డిపాజిట్, కరెంటు, శుభ్రతకు వేరే కట్టాల్సి రావచ్చు, కరెంటు పోతే జనరేటరు డీజిలు అదనం. రాయితీ ఇస్తామని వేదిక మీద ఎవరైనా మాటిచ్చినా కౌన్సిల్ తీర్మానం లేనిదే కమిషనర్ ఇవ్వలేరు. దరఖాస్తులో మొత్తం రాయితీ అని కాక, రిహార్సలు రోజుకు అద్దె మినహాయింపు, ప్రదర్శన రోజుకు కరెంటు ఖర్చు మాత్రమే అని విడగొట్టి అడిగితే తీర్మానానికి పెట్టడం తేలిక.

ఎం-బుక్ లేని లోటును పంచాయతీ తన ఫైలులోనే పూడ్చుకోవచ్చు. తీర్మానం నకలు, బృందంతో ఒక పేజీ ఒప్పందం, తేదీ కనిపించే ఫోటోలు, ప్రదర్శన జరిగిందని కార్యదర్శి ధ్రువీకరణ, సంతకాలతో కళాకారుల జాబితా, ఖాతాకు జమయిన రుజువు. ఈ ఆరు కాగితాలు చేరే ఫైలుపై సంతకం పెట్టడానికి కార్యదర్శికి ధైర్యం వస్తుంది. వీటిలో తీర్మానం నకలు, ఒప్పందం, కళాకారుల జాబితా ప్రదర్శనకు ముందే సిద్ధం చేసుకోవాలి. ఆట అయిపోయి మేళం చెదిరాక సంతకాల కోసం ఊళ్లు తిరగడమే బిల్లు ఆగిపోవడానికి మొదటి మెట్టు.