రేషన్ బియ్యంలో తేలే గింజ

చిత్తూరు

పిల్లలూ,

గ్రూపులో మీరు పెట్టిన వీడియో చూశాను. రేషన్ బియ్యం నీళ్లలో పోస్తే కొన్ని గింజలు పైకి తేలుతున్నాయి, అదిగో ప్లాస్టిక్ అని ఒకాయన గొంతు చించుకుంటున్నాడు. మన వీధిలోనూ ఇదే మాట. పక్కింటావిడ ఆ గింజల్ని ఏరి పారేసి మరీ వండుతోంది.

ఆవిడ పారేస్తున్నది ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్. బియ్యాన్ని పిండి చేసి, వాటిని కలిపి, యంత్రంతో మళ్లీ బియ్యపు గింజలాగే వత్తుతారు. వంద కిలోల బియ్యానికి ఇవి ఒక కిలో చొప్పున కలుస్తాయి. 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించాక రేషన్‌కు, బడి భోజనానికి, అంగన్‌వాడీలకు ఈ బియ్యం రావడం మొదలైంది. వత్తిన గింజ కాబట్టి లోపల సన్నటి గాలి ఖాళీలు మిగిలి కొన్ని తేలతాయి, రంగూ కాస్త తేడాగా ఉంటుంది.

నా మాట నమ్మక్కర్లేదు. తేలిన గింజను నానబెట్టి, చెంచాతో నలిపి, ఒక చుక్క టింక్చర్ అయోడిన్ వెయ్యండి. ముదురు నీలం, దాదాపు నలుపు వచ్చిందంటే అది పిండి పదార్థమే. పెన్ను మూత మీద కూడా ఒక చుక్క వేసి చూడండి, రంగు మారదు. అన్నం ముద్ద బంతిలా ఎగిరిందన్న వీడియో సంగతీ అంతే, పిండి పదార్థపు జిగురు. పైగా బియ్యం కంటే ప్లాస్టిక్కే ఖరీదు. ఇందులో లాభం ఎవరికో ఆయన చెప్పలేదు!

అందరికీ బియ్యంలోనే ఇనుము కలిపి పెట్టడం సరైనదా అన్నది వేరే సంగతి. డాక్టర్లలోనే ఒప్పుకోని వాళ్లున్నారు. దాని మీద ఎంతైనా వాదించుకోండి.

ఇక మనం మన తిండికే కట్టే గొప్పలున్నాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక రాగికి కొత్త మహిమలు పుట్టుకొచ్చాయి. సంగటి తింటే షుగర్ మాత్రలు మానెయ్యొచ్చట. నేను సంగటి తిని పెరిగినవాణ్ణే, అయినా ఇది పచ్చి అబద్ధం. వంద గ్రాముల రాగుల్లో కాల్షియం 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, అదే బరువు ఆవుపాలలో ఉన్నదానికి దాదాపు మూడింతలు. ఇది నిజం. పిండి పదార్థం కూడా 65 గ్రాముల పైనే ఉంటుంది, ఇదీ నిజమే. మీ అవ్వ పెద్ద ముద్ద తింటే షుగర్ పెరిగి తీరుతుంది. చిన్న ముద్ద, పక్కన ఉలవచారు, గిన్నెడు ఆకుకూర అయితే సరిపోతుంది. మాత్ర మాత్రం మానకూడదు.

సంగటిని నేను మెచ్చేది ఇంకో కారణానికి. పలమనేరు, కుప్పం వైపు మెట్ట చేలల్లో రాగి వానకే పండుతుంది, వరికి కావాల్సినన్ని నీళ్లు అడగదు. ఎంత లోతుకు దింపినా బోర్లు ఎండిపోయే జిల్లా మనది. అనపకాయలూ అలాంటివే. ఆ చెట్టు వేళ్లు గాలిలోని నత్రజనిని నేలకు పట్టిస్తాయి, మనకేమో చలికాలంలో పితికిపప్పు. నానిన గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే పప్పు చటుక్కున బయటికి దూకుతుంది, తోలు చేతిలో మిగులుతుంది. గంటసేపు కూర్చోబెట్టే పని, ఫోన్ పట్టుకునే చేతులకు మంచిదే.

జిమ్‌కి పోయే పెద్దాడికి ప్రోటీన్ పొడి కావాలట. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన 17 సూత్రాల్లో ప్రోటీన్ పొడులు వద్దనే చెప్పింది. వంద గ్రాముల చెనిక్కాయల్లో సుమారు 24 గ్రాముల ప్రోటీన్ ఉంది. రోజూ ఒక గుప్పెడు, రెండు గుడ్లు, పప్పు, పెరుగు చాలు వాడికి. చెనిక్కాయల్లో కొలెస్ట్రాల్ ఉంటుందని భయపడకండి. కొలెస్ట్రాల్ జంతువుల నుంచి వచ్చే తిండిలోనే ఉంటుంది. నూనె ప్యాకెట్ మీద 'కొలెస్ట్రాల్ లేదు' అని పెద్ద అక్షరాలతో అచ్చేస్తారు చూడండి, ఏ గింజ నూనెలోనైనా అది ఉండదు. అయితే చెనిక్కాయల్లో కేలరీలు మాత్రం దండిగా ఉంటాయి, గుప్పెడన్నది అందుకే.

ప్యాకెట్ ముందువైపు రాసింది అమ్మడానికి. వెనకవైపు చదవండి. ఏది బరువులో ఎక్కువ ఉంటే దాని పేరు ముందు రాయాలన్నది మన దేశంలో నిబంధన. మీరు టీలో ముంచుకునే మల్టీగ్రెయిన్ బిస్కెట్ల ప్యాకెట్ వెనక మొదటి మూడు పేర్లు ఏమున్నాయో చూసి నాకు రాయండి. రాగి ఎన్నో పేరో కూడా రాయండి.

మీ తాత